శేషాద్రిపురం పేరు వెనక మనిషి

ప్రతి ఏడూ సెప్టెంబర్ 15న మన కాలేజీలో ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. సెమినార్ హాల్లో విశ్వేశ్వరయ్య గారి ఫొటో, దానికో బంతిపూల దండ, రెండు స్పీచ్‌లు, మధ్యాహ్నం నుంచి క్లాసులుండవు. మూడేళ్ళుగా నేనూ ఆ ఫొటో ముందు నిలబడి చప్పట్లు కొడుతున్నవాణ్ణే. అందులో తప్పేం లేదు, కొట్టాల్సిందే. కానీ దానికి సరిగ్గా రెండు రోజుల ముందు, సెప్టెంబర్ 13న, ఇంకో పెద్దాయన వర్ధంతి వస్తుంది. ఆయన ఫొటో మన కాలేజీలో ఎక్కడా లేదు. ఆయన ఇంజనీరు కూడా కాదు. లా చదువుకున్న రెవెన్యూ ఆఫీసరు. అయినా మన ఈఈఈ వాళ్ళం పవర్ సిస్టమ్స్ పేపర్లో రాసే హై వోల్టేజ్ ట్రాన్స్‌మిషన్ ఈ దేశంలో పెద్దఎత్తున మొదలైందంటే ఆయన పట్టుబట్టడం వల్లే. పేరు కె. శేషాద్రి అయ్యర్. మైసూరు సంస్థానానికి దివాన్.

ఆయన పేరు నాకు మొదట కనబడింది పీజీ హాస్టల్ అడ్రస్‌లో. పోయిన వేసవిలో ఇంటర్న్‌షిప్ కోసం బెంగళూరు వెళ్ళి శేషాద్రిపురంలో దిగాను. ఒక గదికి నలుగురం, నీళ్ళు రోజు విడిచి రోజు. ఒక రాత్రి కరెంటు పోయి అందరం మెట్ల మీద కూర్చున్నప్పుడు ఈ శేషాద్రి ఎవరని ఓనర్‌ని అడిగితే, ఎవరో స్వామీజీ అయ్యుంటారని చెప్పాడు. రెండు వారాలు నేనూ అదే నమ్మాను. తర్వాత ఒక ఆదివారం కబ్బన్ పార్కులో తిరుగుతుంటే ఎర్ర రంగు వేసిన పాత భవనం ఒకటి, దాని ముందు తలపాగా పెట్టుకున్న విగ్రహం కనబడ్డాయి. భవనం లైబ్రరీ. పేరు శేషాద్రి అయ్యర్ మెమోరియల్ హాల్. స్వామీజీ కాదని అప్పుడు తెలిసింది. లోపల ఫ్యాన్ తిరుగుతోంది కదా అని వెళ్ళి కూర్చున్నాను. మూడు గంటల తర్వాత బయటికొచ్చాను, ఈ వ్యాసానికి సగం సరుకుతో.

నాకు అంత ఆసక్తి ఎందుకంటే అందులో మా అమ్మ పుట్టిన ఊరుంది. కేజీఎఫ్. ఈ పేరు చెప్పగానే మీ కళ్ళ ముందు గడ్డం హీరో, సుత్తి, స్లో మోషన్ కనబడతాయని తెలుసు. ఫస్టియర్లో నన్ను ఏడాదంతా భాయ్ అనే పిలిచారు. నిజం కేజీఎఫ్‌లో సుత్తి లేదు, ఉన్నది సైనైడ్ దిబ్బలు. బంగారం తీసేశాక మిగిలిన పొడి మట్టి, గుట్టలు గుట్టలుగా. ఎండాకాలం గాలి లేస్తే మా అవ్వ కిటికీలకి తడి గుడ్డలు కడుతుంది. మా అమ్మ వాళ్ళ నాన్న, అంటే మా తాత, ఛాంపియన్ రీఫ్ గనిలో పని చేశారు. ఆ గని భూమిలోకి మూడు కిలోమీటర్లకి పైగా దిగింది. 120 ఏళ్ళ పైచిలుకు కాలంలో ఆ గనులన్నీ కలిపి 800 టన్నుల దాకా బంగారం ఇచ్చాయి. 2001 ఫిబ్రవరి 28న మూతబడ్డాయి.

తర్వాత ఊరేమైంది? మ్యాపులో చూస్తే కోలార్ జిల్లాలోనే ఉంది, బెంగళూరుకి వంద కిలోమీటర్ల దూరంలో. కానీ పొద్దున నాలుగున్నరకి మారికుప్పం స్టేషన్లో నిలబడి చూస్తే ఆ ఊరు బెంగళూరులో ఎప్పుడో కలిసిపోయిందని అర్థమవుతుంది. వేలమంది రైలెక్కుతారు. మా మేనమామ ఇరవై ఏళ్ళుగా ఎక్కుతున్నాడు. వైట్‌ఫీల్డ్‌లో ఒక ఆఫీసు బిల్డింగ్‌లో ఎలక్ట్రీషియన్. రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరతాడు. మా మామ పిల్లలు నాన్నని ఆదివారాలే వెలుతురులో చూస్తారు. ఊళ్ళో రాత్రి పడుకునేవాళ్ళున్నారు, పగలు ఉండేవాళ్ళు ముసలివాళ్ళు, పిల్లలు. ఇది ఎలా జరిగిందో చదవబోతే, మొదట్లో వ్యవహారం సరిగ్గా తలకిందులుగా ఉండేదని తెలిసింది. అప్పట్లో బెంగళూరుకి ఏదొచ్చినా కేజీఎఫ్ పుణ్యమే. ఆ లెక్క మొత్తం చూసినవాడు శేషాద్రి అయ్యర్.

ఆయన 1845 జూన్ 1న పాలక్కాడు దగ్గర కుమారపురంలో పుట్టారు. అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీలోని మలబారు జిల్లా. తండ్రి వకీలు. పిల్లవాడికి ఊహ తెలియకముందే పోయారు. కాలికట్‌లో బడి చదువు, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో బీఏ. ఆ రోజుల్లో బీఏ అంటే ఇప్పటి ఐఐటీ సీటు లాంటిది, ఊరికొకడు కూడా ఉండేవాడు కాదు. చదువయ్యాక కొన్నాళ్ళు సర్కారు ఆఫీసులో అనువాదకుడిగా పనిచేశారు. 1868లో మైసూరు కొలువులో చేరారు. పిలిచింది రంగాచార్లు అనే పెద్ద అధికారి. కుర్రాడిలో ఏం చూశారో గానీ చివరిదాకా ఆయన చెయ్యి వదల్లేదు. శేషాద్రి అయ్యర్ కోర్టు వ్యవహారాలతో మొదలుపెట్టి, జిల్లా పాలన దాకా ఒక్కో మెట్టూ ఎక్కారు. ఉద్యోగం చేస్తూనే బీఎల్ కూడా పూర్తి చేశారు.

అప్పటి మైసూరు గురించి ఒక మాట చెప్పాలి. 1831 నుంచి యాభై ఏళ్ళు ఆ రాజ్యాన్ని బ్రిటిష్ కమిషనర్లే నడిపారు. 1876-78 మధ్య ఘోరమైన కరువు వచ్చింది. మన రాయలసీమలో ధాత కరువు అని పెద్దవాళ్ళు చెప్పేది అదే. మైసూరులో ఐదుగురిలో ఒకరు చనిపోయారని అంచనా. ఆ కరువు ఖర్చుకి చేసిన అప్పు 80 లక్షలు. సరిగ్గా అలాంటి సమయంలో, 1881లో, రాజ్యాన్ని తిరిగి వొడయార్లకి అప్పగించారు. చామరాజేంద్ర వొడయార్ రాజు, రంగాచార్లు దివాన్. రెండేళ్ళు తిరక్కుండానే, 1883 జనవరిలో రంగాచార్లు చనిపోయారు. ఆ కుర్చీలో శేషాద్రి అయ్యర్ కూర్చున్నారు. వయసు 37. ఖజానా ఖాళీ, మెడ మీద అప్పు, ఏటా బ్రిటిష్ వాళ్ళకి కట్టాల్సిన కప్పం అదనం.

ఆ తర్వాత దాదాపు 18 ఏళ్ళు ఆయనే దివాన్. మైసూరు చరిత్రలో అన్నేళ్ళు వరసగా దివాన్‌గిరీ చేసినవాళ్ళు అరుదు. ఆ కాలంలో వేసిన రైలు మార్గాలు, తవ్వించిన చెరువులు, పెట్టిన శాఖలు అన్నీ రాస్తే ఎడిటర్ నన్ను చంపేస్తాడు. నాకు ముఖ్యమనిపించినవే చెప్తాను.

బంగారం కథ ఆయనకి ముందే మొదలైంది. లావెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు 1870ల్లో మైసూరు ప్రభుత్వం దగ్గర తవ్వుకునే అనుమతి తెచ్చుకున్నాడు. అతని చేతిలో అంత డబ్బు లేదు. హక్కులు చేతులు మారి, చివరికి లండన్‌లోని జాన్ టేలర్ అండ్ సన్స్ చేతికి వచ్చాయి. వాళ్ళకీ మొదట్లో రాళ్ళే దొరికాయి. వాటాదార్లు ఇక మూసేద్దామనుకుంటున్న సమయంలో, శేషాద్రి అయ్యర్ దివాన్ అయిన కొత్తల్లో, అసలు బంగారు పొర తగిలింది. అదృష్టం అంటే అది. అయితే సంస్థానానికి వచ్చేది తవ్వినదాంట్లో ఐదు శాతం రాయల్టీ. లాభం మొత్తం ఓడెక్కి లండన్ పోతుంది. పనివాళ్ళు మాత్రం ఇక్కడివాళ్ళు. ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి, అంటే ఇప్పటి మన చిత్తూరు వైపు పల్లెల నుంచి, తమిళ పల్లెల నుంచి భూమి లేనివాళ్ళు, ఎక్కువగా దళితులు, మూటలు కట్టుకుని వచ్చారు. మా ముత్తాత వాళ్ళలో ఒకరు.

ఇక్కడ శేషాద్రి అయ్యర్ బుర్ర ఎలా పనిచేసిందో చూడండి. ఇది నా అభిప్రాయం, మీరు కాదనొచ్చు. కంపెనీ మీద పోట్లాడి వాటా పెంచమనడానికి ఆయన వెనక బ్రిటిష్ రెసిడెంట్ కూర్చుని ఉన్నాడు. అందుకని గనులకి ఏమేం అవసరమో అవి అమర్చిపెట్టడం మొదలుపెట్టారు. 1894లో బౌరింగ్‌పేట నుంచి, అంటే ఇప్పటి బంగారపేట నుంచి, గనుల దాకా రైలు వచ్చింది. మా మామ రోజూ ఎక్కే లైను అదే. అదే ఏడు సంస్థానానికి సొంతంగా భూగర్భ శాఖ పెట్టి, రాబర్ట్ బ్రూస్ ఫుట్‌ని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. నేలలో ఏముందో కంపెనీ చెప్తేగానీ తెలియని పరిస్థితి పోయింది.

అయితే గనులకి అన్నిటికంటే పెద్ద ఆకలి పవర్. మనుషుల్ని దించాలి, రాయిని పైకి లాగాలి, నీళ్ళు తోడాలి, రాయిని పొడి కొట్టాలి. అన్నీ ఆవిరి యంత్రాలే. వాటికి కట్టెలు, బొగ్గు కావాలి. కోలార్ జిల్లాలో నది అన్నమాట చెప్పుకోడానికి పాలారు తప్ప ఏం లేదు, అదీ వాన పడితేనే. గని లోతు పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతోంది.

అటు చూస్తే, నూటయాభై కిలోమీటర్ల అవతల శివనసముద్రం దగ్గర కావేరి రెండు పాయలుగా చీలి దాదాపు వంద మీటర్లు కిందికి దూకుతోంది. ఈ నీళ్ళతో కరెంటు చేసి ఆ గనులకి అమ్మితే ఎలా ఉంటుంది? ఈ ఆలోచన్ని కాగితం మీదికి తెచ్చింది జోలీ డి లోట్బినియేర్ అనే సైనిక ఇంజనీరు, మైసూరులో డిప్యూటీ చీఫ్ ఇంజనీరు. ఆయనది కెనడా. 1899లో ఆయన్ని దివాన్ యూరప్‌కీ అమెరికాకీ పంపించారు. ఎవరి మెషిన్లు బాగుంటాయో చూసి రమ్మని.

ఇప్పుడు మన సబ్జెక్ట్. మిగతా బ్రాంచిల వాళ్ళు ఓపిక పట్టండి, రెండు పేరాలే.

అప్పటికి ఇండియాలో జలవిద్యుత్తు అంటే డార్జిలింగ్ దగ్గర సిద్రాపాంగ్, 1897లో మొదలైంది, 130 కిలోవాట్లు. మన హాస్టల్ బ్లాకులకి కూడా చాలదు. ప్రపంచం మొత్తం నోరు తెరిచి చూసిన నయాగరా నుంచి బఫెలో నగరానికి దూరం నలభై కిలోమీటర్ల లోపే. శివనసముద్రం నుంచి కోలార్ గనులకి 92 మైళ్ళు, 147 కిలోమీటర్లు. మధ్యలో అడవి, గుట్టలు. 4,000 హార్స్‌పవర్ పంపాలి, అంటే సుమారు 3,000 కిలోవాట్లు. పవర్ ఫ్యాక్టర్ పక్కన పెట్టి లెక్క వేయండి. 2,200 వోల్టుల దగ్గర పంపితే ఒక్కో తీగలో దాదాపు 790 ఆంపియర్లు. 35,000 వోల్టులకి పెంచితే యాభై ఆంపియర్లు. నష్టం కరెంటు వర్గాన్ని బట్టి పోతుంది కాబట్టి అదే తీగలో వేడిగా పోయేది 250 రెట్లు తగ్గుతుంది. ఈ లెక్క మనకి సెకండియర్లో ఐదు మార్కుల ప్రశ్న. 1899లో ఇది ఒక సంస్థానం తన డబ్బుని పణంగా పెట్టాల్సిన జూదం. 35,000 వోల్టుల లైను అంత దూరం, అదీ పిడుగులు పడే దేశంలో, నిలబడుతుందా అని చూసి చెప్పడానికి ఇక్కడ ముందు వేసిన లైను లేదు.

శేషాద్రి అయ్యర్‌కి ఈ ఎలక్ట్రికల్ లెక్క వచ్చో రాదో గానీ ఇంకో లెక్క బాగా తెలుసు. లోడ్ లేని జనరేషన్ దండగ. ఊళ్ళకి దీపాలు పెడతాం అని ప్లాంటు కట్టి ఉంటే సంస్థానం దివాళా తీసేది, దీపం బిల్లు కట్టగల ఇళ్ళు ఎన్నున్నాయి? గని అలా కాదు. పగలూ రాత్రీ నడుస్తుంది, డబ్బున్న గిరాకీ, పారిపోలేదు. పైగా ఐదు శాతం రాయల్టీ అని కాగితం మీద రాసుకున్న వాటా కాకుండా, కరెంటు బిల్లు రూపంలో అదే బంగారం నుంచి ఇంకో వాటా సంస్థానానికి రావడం మొదలవుతుంది. అందుకే ముందు కంపెనీలతో ఒప్పందం, తర్వాతే పని. పని మొదలైంది 1900లో. టర్బైన్లు స్విట్జర్లాండ్‌లోని ఎషర్ విస్ నుంచి, జనరేటర్లు అమెరికా జనరల్ ఎలక్ట్రిక్ నుంచి. ఒక్కోటి 720 కిలోవాట్ల చొప్పున ఆరు జనరేటర్లు, 25 సైకిల్స్. నయాగరాదీ 25 సైకిల్సే. సామానంతా రైలు దిగాక ఎద్దుల బళ్ళ మీద, ఏనుగుల సాయంతో కొండల్లోకి చేరింది.

1902 జూన్ 30న గనుల్లో స్విచ్ వేశారు. లైను నిలబడింది. ఆ రోజుల్లో ప్రపంచంలోనే అతి పొడవైన లైన్లలో అదొకటి.

శేషాద్రి అయ్యర్ అది చూడలేదు. ఆరోగ్యం పాడై దివాన్ పదవి వదిలేసి, 1901 సెప్టెంబర్ 13న బెంగళూరులో కన్నుమూశారు. 56 ఏళ్ళు. ఇంకో తొమ్మిదిన్నర నెలలు ఉంటే చూసేవారు.

ఇంకా మిగిలింది ఉంది. గనులకి సరిపోగా మిగులు ఉంది కాబట్టి 1905 ఆగస్టు 5న బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగాయి. గనులు వెలిగిన మూడేళ్ళకి. అంటే ఇవాళ మనం రెజ్యూమెలు పట్టుకుని పరిగెత్తే ఆ నగరానికి మొదటి బల్బు కేజీఎఫ్ వాడగా మిగిలిన కరెంటుతో వెలిగింది. గనుల ఆకలి ఇంకా పెరిగింది. ఎండాకాలంలో కావేరి సన్నబడితే మెషిన్లు ఆగుతున్నాయి. నీళ్ళు నిలవ ఉంచాలంటే పైన పెద్ద ఆనకట్ట కావాలి. విశ్వేశ్వరయ్య గారు 1911లో కృష్ణరాజసాగరం పని మొదలుపెట్టినప్పుడు ఆయన చూపిన కారణాల్లో గనులకిచ్చే కరెంటు కూడా ఒకటి. మనం సెప్టెంబర్ 15న పవర్‌పాయింట్‌లో చూపించే ఆ ఆనకట్ట వెనక, ఈ సెప్టెంబర్ 13 పెద్దమనిషి వేసిన లైనుంది.

బెంగళూరుకి ఆయన చేసింది కరెంటొకటే కాదు. ఊరు చెరువుల నీళ్ళతో గడుపుతున్న రోజుల్లో హెసరఘట్ట నుంచి పైపుల్లో నీళ్ళు తెప్పించారు, 1896లో. 1898లో ప్లేగు వచ్చి పేటలోని ఇరుకు సందుల్లో జనం పిట్టల్లా రాలిపోతుంటే, ఊరు బయట వెడల్పు రోడ్లతో బసవనగుడి, మల్లేశ్వరం వెలిశాయి. ఇప్పుడక్కడ గజం ధర వింటే గుండె ఆగుతుంది. విక్టోరియా ఆసుపత్రి ఆయన కాలంలో కట్టిందే. జంషెడ్జీ టాటా ఒక సైన్సు విద్యాలయం పెట్టాలని ఊరూరా తిరుగుతున్నప్పుడు, మైసూరు సంస్థానం తరఫున మాట సాయం చేసినవారిలో ముందున్నది ఈయన. తర్వాత సంస్థానం 371 ఎకరాలు ఇచ్చింది. ఐఐఎస్సీ తలుపులు తెరిచేసరికి టాటా లేరు, శేషాద్రి అయ్యర్ లేరు. ఇంకో ముక్క. 1892లో దేశమంతా తిరుగుతున్న ఒక పేరులేని కుర్ర సన్యాసి బెంగళూరు వచ్చి ఈ దివాన్ ఇంట్లో కొన్నాళ్ళు ఉన్నాడు. మరుసటి ఏడు షికాగో వెళ్ళి వివేకానందుడిగా ప్రపంచానికి తెలిశాడు. పీజీ ఓనర్ స్వామీజీ అన్నది పూర్తిగా గాలి మాట కాదేమో!

అంతా మంచే రాస్తే అది వర్ధంతి స్పీచ్ అవుతుంది. ఆయన మీద సొంత రాజ్యంలో కోపం చాలా ఉండేది. పెద్ద ఉద్యోగాలన్నీ మద్రాసు వైపు నుంచి తెచ్చినవాళ్ళకే ఇస్తున్నారని, మైసూరు వాళ్ళు సొంత ఊళ్ళో పరాయివాళ్ళు అయిపోయారని పత్రికలు గోల పెట్టాయి. ఆ గోలలో నిజముంది. 1891లో ఉద్యోగాలకి పోటీ పరీక్ష పెట్టారు గానీ కోపం చల్లారలేదు. 1894 డిసెంబర్‌లో చామరాజేంద్ర వొడయార్ కలకత్తాలో హఠాత్తుగా చనిపోయారు. కొడుక్కి పదేళ్ళు. మహారాణి కెంపనంజమ్మణ్ణి రీజెంట్ అయ్యారు. అప్పట్నుంచి దివాన్ చేతిలో అధికారం ఇంకా పెరిగిపోయిందని గిట్టనివాళ్ళు అన్నారు. 1892లో మద్రాసుతో నదీజలాల ఒప్పందం కుదిరింది కూడా ఈయన హయాంలోనే. కావేరి గొడవ గురించి టీవీలో చూసినప్పుడల్లా వినబడే ఏడు అది. అదే 1894లో పసిపిల్లల పెళ్ళిళ్ళు ఆపే చట్టం తెచ్చినప్పుడు ఛాందసులు తిట్టారు. ఆ తిట్లు మాత్రం ఆయనకి గౌరవమే.

నాకు ఆయన మీద ఉన్న ఫిర్యాదు వేరు. అది మా అవ్వ నుంచి వచ్చింది.

అవ్వది రామకుప్పం వైపు పల్లె. కేజీఎఫ్‌కి దగ్గర, రాష్ట్రం మారుతుంది అంతే. చిన్నప్పుడు రాత్రిళ్ళు వాళ్ళ ఊరి గుట్టెక్కితే పడమర దిక్కున ఆకాశం తెల్లగా కనబడేదట. అదేందంటే గనుల లైట్లని పెద్దోళ్ళు చెప్పేవాళ్ళు. వాళ్ళింట్లో మాత్రం కిరసనాయిలు బుడ్డి. కావేరి నుంచి 147 కిలోమీటర్లు పరిగెత్తుకొచ్చిన కరెంటు, ఆ చివరి పాతిక కిలోమీటర్లు రాలేదు. ఎందుకొస్తుంది? అక్కడ లోడ్ లేదు. మనుషులున్నారు, లోడ్ లేదు. అవ్వకి పెళ్ళి సంబంధం చూసినప్పుడు కరెంటున్న ఊరు అన్నదే పెద్ద అర్హత. పెళ్ళయి వచ్చిన మొదటి రాత్రి స్విచ్చి వేసి ఆర్పి, వేసి ఆర్పి, తాత కసిరేదాకా ఆడుకుందట. తాత ఆ కరెంటుతోనే నడిచే కేజ్‌లో రోజూ భూమిలోకి దిగేవారు. ఆయన కిందికి పోయినప్పుడు అవ్వ ఇంట్లో బల్బు ఒకసారి మినుకుమన్నా గుండె దడదడలాడేదట. లోపల రాళ్ళు పేలడం అక్కడ మామూలు. ఇళ్ళల్లో గిన్నెలు కదిలేవి.

ఇవన్నీ తెలిశాక ఆ విగ్రహం అవ్వకి చూపించాలనిపించింది. ఇంటర్న్‌షిప్ చివరి వారం మా మామతో పాటు ఆమెని రైలెక్కించి రమ్మన్నాను. మామ వైట్‌ఫీల్డ్‌లో దిగిపోయాడు, డ్యూటీ. నేను స్టేషన్‌కి వెళ్ళి ఆటోలో తీసుకొచ్చాను. మెమోరియల్ హాల్ 1915లో కట్టారని, విగ్రహం అంతకంటే రెండేళ్ళ ముందే 1913లో పెట్టారని, వైస్రాయ్ హార్డింజ్ వచ్చి ముసుగు తీశాడని చెప్పుకొచ్చాను. అవ్వ అదేం పట్టించుకోలేదు. చెప్పులు విడిచి, విగ్రహం చుట్టూ ఒక చుట్టు తిరిగింది. తలపాగా చూసి మన పక్క మనిషి కాదే అంది. పాలక్కాడని చెప్పాను. కరెంటు తెచ్చింది ఈయనేనా అని మళ్ళీ అడిగింది. అవునన్నాను, 1902లో, బెంగళూరు కంటే ముందు మనకే వచ్చిందన్నాను.

అవ్వ వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసుకుంది. వాళ్ళ పుట్టింటి ఊరికి కరెంటు వచ్చేసరికి మా మామ చంకలో పిల్లవాడట. మేళం పెట్టి పొంగళ్ళు పెట్టారట ఆ రోజు. వాళ్ళమ్మ మాత్రం చూపు మందగించి ఆ వెలుతురు సరిగ్గా చూడలేకపోయిందట. అదంతా ఆ చెట్టు కింద అరుగు మీద కూర్చుని చెప్తూనే ఉంది. నేను ఐస్‌క్రీమ్ కొనిచ్చాను. నాకు ప్లేస్‌మెంట్ వస్తే ఈ ఊళ్ళోనేనా ఉద్యోగం అని అడిగింది. చాలావరకు అంతే అన్నాను. అయితే కేజీఎఫ్‌లోనే ఉండి రోజూ మామతో రైల్లో పోయి రావచ్చు కదా, ఇల్లుంది, అన్నం నేను వండుతా అంది. పొద్దున నాలుగున్నర రైలు గుర్తొచ్చి నేను నవ్వాను, తను నవ్వలేదు.

సాయంత్రం తిరుగు రైల్లో సీటు దొరకాలంటే గంట ముందే వెళ్ళి కూర్చోవాలని అవ్వే తొందర పెట్టింది. వైట్‌ఫీల్డ్‌లో మామ మా పెట్టెలోకే ఎక్కాడు, చేతిలో టిఫిన్ డబ్బా, జేబులో టెస్టర్. బంగారపేట దాకా నిలబడే వచ్చాడు.